కార్జం ఆగదు

గ్రెనోబుల్‌లో పనిచేసిన రోజుల్లో మా టీంలో ఒకాయన ఓ ఆదివారం వాళ్ల పెద్దవాళ్లింటికి భోజనానికి పిలిచాడు. ద్రోమ్ జిల్లాలో, రోన్ నదికి తూర్పున ఓ చిన్న ఊరు. టేబుల్ మీద మట్టి పళ్లెంలో గోధుమరంగు ఉండలు పది పన్నెండు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పైన సాలెగూడు లాంటి అల్లిక ఏదో కరిగి అంటుకుని, అక్కడక్కడా మాడింది. కత్తి పెడితే లోపల సగం ఆకుపచ్చ. పేరు "కాయెట్" అన్నాడు. పంది మాంసం, పంది కార్జం, ఆకుకూర. అంతే.

వాళ్ల నాయనమ్మ, ఎనభై దాటినావిడ, నా పక్కన కూర్చుంది. కాసేపటికి మనవడి చేత అనువాదం చేయించుకుంటూ ఓ ప్రశ్న అడిగింది. "మీ ఊళ్లో పందిని కోసిన రోజు కార్జం ఏం చేస్తారు?"

నేను ఠక్కున "మా ఊళ్లో పంది తినరండీ" అనేశాను. ఆవిడ "అయ్యో" అన్నట్టు తలూపి ఇంకో ఉండ నా ప్లేట్లో వేసింది.

రాత్రి రైల్లో తిరిగొస్తుంటే గుర్తొచ్చింది, నేను చెప్పింది అబద్ధమని. ఆ అబద్ధం సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆవిడ ప్రశ్న సంగతి. గమనించారా, "కార్జం ఎలా వండుతారు" అని అడగలేదావిడ. "కోసిన రోజు ఏం చేస్తారు" అంది. ఆ "రోజు" అన్న మాటలోనే ఈ వంటకం చరిత్ర అంతా ఉందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఈ ఉండలు ఒక్క ఊరివి కావు. రోన్ నదికి అటూ ఇటూ ఉన్న ఆర్దెష్, ద్రోమ్ జిల్లాల్లో వీటిని కాయెట్ అంటారు. దక్షిణాన ప్రొవాన్స్‌లోకి దిగితే గాయెట్. పడమర అవేరోన్ కొండల్లో ఆకుకూర మాయమై ఫ్రికాందో అవుతుంది. సముద్రం దాటి ఇంగ్లండు వెళ్తే దాదాపు ఇదే వస్తువుని ఫ్యాగట్ అంటారు. పేర్లు వేరైనా సూత్రం ఒకటే: కార్జం, కొవ్వున్న మాంసం కలిపి తరిగి, ఉండ చేసి, పంది పొట్టలో ఉండే కొవ్వు వలలో చుట్టి కాల్చడం. ఇన్ని చోట్ల ఇంత దగ్గరి పోలిక కనిపించిందంటే అందరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని ఉండక్కర్లేదు. అందరికీ ఒకటే సమస్య వచ్చి ఉండొచ్చు.

గడువుల పట్టిక

ఫ్రిజ్ లేని ఇంట్లో 150 కిలోల పందిని కోశారనుకోండి. మన ఐటీ భాషలో చెప్పాలంటే ఆ క్షణం నుంచి రకరకాల డెడ్‌లైన్లు మొదలవుతాయి. నెత్తురు నిమిషాల్లో గడ్డకడుతుంది, కాబట్టి పట్టిన వెంటనే కలుపుతూ ఉండి, అదే రోజు పేగుల్లో పోసి బూదాఁ అనే సాసేజ్ చెయ్యాలి. పేగులు అప్పటికప్పుడు కడగకపోతే పనికి రావు. కొవ్వు కరిగించి జాడీల్లో పోస్తే నెలలు ఉంటుంది. తొడలు ఉప్పులో ఊరబెట్టి ఆరబెడితే ఏడాది ఉంటాయి. పంది మాంసం ఉప్పుకి బాగా లొంగుతుంది, పల్లెటూరి బీదవాడి మాంసం అది కావడానికి సగం కారణం అదే.

కార్జం మాత్రం ఈ వరసలో ఇమడదు. తొడలా ఉప్పులో ఏడాది దాచలేం, కొవ్వులా కరిగించలేం. ఒక్క పందికి సుమారు రెండు కిలోల కార్జం వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తేల్చాలి. ఒట్టి కార్జం ఒక పూటకి బానే ఉంటుంది కానీ రెండు కిలోలు ఎవరు తింటారు? అందుకని ఉప్పుకి పనికిరాని ముక్కలు, గొంతు దగ్గరి కొవ్వు మాంసం, కోతల్లో మిగిలిన తునకలు అందులో కలిపారు. పంది కోత చలికాలంలోనే జరుగుతుంది, ఎందుకంటే వేసవిలో మాంసం ఉప్పు పట్టేలోపే పాడవుతుంది. పైగా ఈస్టర్‌కి ముందు నలభై రోజులు అప్పట్లో చర్చి మాంసం తిననిచ్చేది కాదు. కాబట్టి నవంబరు నుంచి ఆ ఉపవాసాలు మొదలయ్యేలోపు పని అయిపోవాలి. ఆ చలిలో పెరట్లో మిగిలుండే పచ్చదనం ఏమిటంటే పాలకూర, స్విస్ చార్డ్ లాంటివి. చార్డ్ అంటే దుంప ఊరని బీట్‌రూట్ అనుకోండి, ఆకులు, కాడలు తింటారు. అది కూడా అందులోకే వెళ్లింది.

అంటే కాయెట్‌లో ఉన్న ఏ పదార్థాన్నీ రుచి కోసం ఎవరో కూర్చుని ఎంచుకోలేదు. కార్జం ఆగదు కాబట్టి కార్జం. ఉప్పుకి పనికిరాదు కాబట్టి గొంతు మాంసం. చలికి చావదు కాబట్టి చార్డ్. రుచి ఆ తర్వాత సంగతి. మనం "సాంప్రదాయ వంట" అని భక్తిగా చెప్పుకునే చాలా వాటి వెనక ఇలాంటి తొందరే ఉంటుందని నా అనుమానం.

అంజూరం నుంచి వచ్చిన మాట

కార్జాన్ని కొవ్వు వలలో చుట్టే పద్ధతి చాలా పాతది. అపీషియస్ పేరు మీద చలామణీ అయ్యే లాటిన్ వంటల పుస్తకంలో తరిగిన మాంసం ఉండల్ని ఇలా చుట్టి కాల్చడం ఉంది, కార్జాన్ని చుట్టి నిప్పుల మీద కాల్చడం కూడా ఉంది. ఆ వలని వాళ్లు ఓమెంటుమ్ అన్నారు, ఫ్రెంచివాళ్లు క్రెపిన్ అంటారు. ఉండ విడిపోకుండా పట్టుకుంటుంది, కాలుతున్నప్పుడు కరిగి లోపలి మాంసం ఎండిపోకుండా చూస్తుంది, చివరికి దాదాపు కనిపించకుండా పోతుంది. మనవాళ్లకీ ఇది కొత్త కాదు. వేదకాలపు పశుయాగంలో ముందుగా అగ్నిలో వేసే "వప" ఇదే పొర. రోమన్లు వంటింట్లోకి తెచ్చుకున్నదాన్ని మనవాళ్లు హోమగుండంలో వేశారు, అంతే తేడా.

ఇంకో సరదా సంగతి. లాటిన్‌లో కార్జానికి అసలు మాట ఇయెకుర్. సంస్కృతం "యకృత్తు"కి వరసకి అన్నదమ్ము. మన సైన్సు పుస్తకాల్లో యకృత్తు ఇంకా బతికే ఉంది, ఫ్రెంచిలో మాత్రం దాని అన్న చచ్చిపోయాడు. కారణం అంజూరాలు! పెద్దబాతు కార్జాన్ని పెంచినట్టే పంది కార్జాన్ని కూడా ఎండు అంజూరాలు మేపి పెంచొచ్చని అపీషియస్ కనిపెట్టాడని మొదటి శతాబ్దంలో ప్లినీ రాశాడు. అలా అంజూరం పెట్టి పెంచిన కార్జాన్ని ఇయెకుర్ ఫికాటుమ్ అన్నారు. ఫికుస్ అంటే అంజూరం. పోనుపోను జనం మొదటి మాట వదిలేసి రెండోదే వాడారు. అదే ఇటలీలో ఫేగతో, స్పెయిన్‌లో ఇగదో, ఫ్రాన్స్‌లో ఫ్వా అయింది. ఈ రోజు ఫ్రెంచి డాక్టరు లివర్ పరీక్ష రాసినా తెలియకుండా అంజూరం పేరే రాస్తున్నాడన్నమాట. ధనవంతుల భోజనబల్ల మీద పుట్టిన విశేషణం, అంజూరం ముఖం చూడని పల్లె పంది కార్జానికి కూడా పేరైపోయింది.

వీధిలో పంది, రాజుగారి కొడుకు

1131 అక్టోబరులో పారిస్‌లో ఒక ప్రమాదం జరిగింది. ఆరో లూయీ రాజు పెద్దకొడుకు ఫిలిప్, అప్పటికే తండ్రితోపాటు రాజుగా అభిషిక్తుడైన కుర్రాడు, గుర్రం మీద వెళ్తుంటే కాళ్లకి పంది అడ్డమొచ్చింది. గుర్రం పడింది, కుర్రాడు చనిపోయాడు. పదిహేనేళ్లు. తర్వాత పారిస్ వీధుల్లో పందులు తిరగకూడదని నిషేధం వచ్చింది. అదే నిషేధం ఆ తర్వాతి శతాబ్దాల్లో మళ్లీ మళ్లీ వచ్చిందంటే జనం ఎంత పాటించారో మీరే ఊహించుకోండి.

ఒక్క మినహాయింపు ఉండేది. సెయింట్ ఆంటొనీ పేరు మీద నడిచే ఆసుపత్రుల సన్యాసుల పందులు మెడలో గంట కట్టుకుని వీధుల్లో తిరగొచ్చు. ఆ సన్యాసుల మూలస్థానం, నేను భోజనానికి వెళ్లిన ఊరికి ఎక్కువ దూరం లేని ఒక పల్లె. 11వ శతాబ్దం చివర్లో అక్కడ మొదలైంది. రై ధాన్యానికి పట్టే బూజు వల్ల చేతులూ కాళ్లూ నల్లబడి ఊడిపోయే జబ్బు ఒకటి అప్పట్లో ఉండేది, దాన్ని "సెయింట్ ఆంటొనీ మంట" అనేవారు. ఆ రోగుల్ని వీళ్లు చేర్చుకునేవారు. మందు పూతల్లో పంది కొవ్వు వాడేవారు. దానంగా వచ్చిన పందుల్ని ఊరంతా కలిసి మేపేది. గంట వినిపిస్తే ఎవరింటి తుక్కు వాళ్లు వేసేవారు. అంటే ఆ పంది ఎవరిదీ కాదు, అందరిదీ.

పట్నంలో మిగతా వ్యవహారం సంఘాల చేతిలోకి వెళ్లింది. 1475లో, పదకొండో లూయీ కాలంలో, వండిన పంది మాంసం అమ్మేవాళ్లకి పారిస్‌లో సొంత కట్టుబాట్లు వచ్చాయి. వాళ్లే షార్క్యుటియేలు. ఆ మాటకి మూలం "వండిన మాంసం". కానీ మెలిక చూడండి. పచ్చి మాంసం వాళ్లు కసాయివాళ్ల దగ్గరే కొనాలి. సొంతంగా పందుల్ని కొనుక్కునే హక్కు 1513లోగానీ రాలేదు. ఎవరు కొయ్యాలి, ఎవరు వండాలి, ఎవరు అమ్మాలి అని ప్రతిదానికీ గీత గీశారు. 1776లో మంత్రి త్యుర్గో ఈ సంఘాలన్నీ రద్దు చేశాడు, ఆయన పదవి పోయిన కొద్ది నెలలకే అవి తిరిగొచ్చాయి. చివరికి 1791లో విప్లవ ప్రభుత్వం పూర్తిగా తీసేసింది.

పల్లెలో ఇవేవీ లేవు. ఇంటి పంది, ఇంటి కోత, ఇంటి వంట. కాయెట్ ఆ గీతలకి బయట పుట్టిన వస్తువు. దానికి దుకాణం అవసరం లేదు. పల్లెని పట్టుకున్నది మాత్రం ఇంకొకటుంది, ఉప్పు.

ఉప్పు మీద రాజు చెయ్యి

ఉప్పు పన్ను అనగానే మనకి 1930, దండి గుర్తొస్తాయి. ఫ్రాన్స్‌లో ఈ బాధ 14వ శతాబ్దం నుంచీ ఉంది. పేరు గాబెల్. దేశమంతా ఒకటే రేటైతే అదో రకం. అలా కాదు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో ధర. సముద్రం ఒడ్డున్న బ్రిటనీలో దాదాపు పన్నే లేదు. పారిస్ చుట్టుపక్కల "పెద్ద గాబెల్" ప్రాంతంలో ధర దానికి ఇరవై రెట్లకు పైగా ఉండేది. అందుకే దొంగ ఉప్పు వ్యాపారం, దొరికితే ఓడల్లో తెడ్లు లాగే శిక్ష.

అన్నింటికన్నా ఘోరం ఇది. పెద్ద గాబెల్ ప్రాంతంలో చాలా చోట్ల ఎనిమిదేళ్లు దాటిన మనుషుల్ని లెక్కగట్టి ఇంత ఉప్పు కొని తీరాలని నిర్బంధం. సరే, కొన్నాం కదా, దాంతో పంది తొడ ఊరబెట్టుకుందాం అంటే కుదరదు! ఆ ఉప్పు కుండలోకీ, టేబుల్ మీదకీ మాత్రమే. మాంసం ఊరబెట్టాలంటే విడిగా మళ్లీ కొనాలి. 1680 నాటి రాజశాసనం ఇదంతా పద్ధతిగా రాసి పెట్టింది. లైసెన్సు నిబంధనల్ని చూసి విసుక్కునే మనవాళ్లు ఇది చదివితే వాళ్లకి మనసు కాస్త కుదుటపడుతుంది.

కాయెట్ ప్రాంతాలు, అంటే నదికి అటు పక్క వివరే, ఇటు పక్క దోఫినే, "చిన్న గాబెల్" కిందకి వచ్చేవి. మధ్యధరా ఉప్పు రోన్ నది మీదుగా పడవల్లో పైకొచ్చేది. ధర పారిస్ అంత కాకపోయినా తక్కువేం కాదు. ఉన్న కాస్త ఉప్పు ఏడాదంతా నిలిచే తొడకీ, పొట్ట మాంసానికీ పోవాలి. తిండికి కరువొచ్చే వసంతంలో ఇంటిని కాపాడేవి అవే. ఉప్పు దండగ చెయ్యకుండా వెంటనే తినేసే వంట ఒకటుంటే ఆ లెక్క తేలికవుతుంది. కాయెట్‌కి వంటలో పడే ఉప్పు చాలు. గాబెల్‌ని 1790లో విప్లవం రద్దు చేసింది, 1806లో నెపోలియన్ మళ్లీ ఉప్పు పన్ను వేశాడు, అది పూర్తిగా పోయింది 1945 చివర్లో. మనకి 1947లో పోయింది. పెద్ద తేడా లేదు.

పొరుగువాడి పొట్ట

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. రెండు కిలోల కార్జం, దానికి రెట్టింపు మాంసం, అంతే ఆకుకూర. ఉండలు చేస్తే అరవై దాకా వస్తాయి. ఆరుగురున్న ఇల్లు. కరిగించిన కొవ్వులో ముంచి జాడీలో పెడితే కొన్ని వారాలు నిలుస్తాయి, నిజమే. అయినా అరవై!

పల్లెలు దీనికి కనిపెట్టిన పరిష్కారం చాలా అందమైనది. ఊళ్లో అందరూ ఒకే రోజు కొయ్యరు. ఈ వారం మీరు, వచ్చే వారం మేము. కోతకి పక్కింటివాళ్లు సాయం వస్తారు, ఎందుకంటే అంత పందిని ఒక్కడు పట్టుకోలేడు. సాయంత్రం వాళ్లకి భోజనం. మర్నాడు ఒక పళ్లెంలో కాస్త బూదాఁ, కాస్త మాంసం, కొన్ని ఉండలు పెట్టి గుడ్డ కప్పి ఇరుగుపొరుగుకి పంపుతారు. బడిపంతులుకి, చర్చి ఫాదరుకి కూడా వెళ్లేది. చాలా ప్రాంతాల్లో ఈ పళ్లేనికి పేరే "కానుక". వాళ్లు కోసినప్పుడు మీకు తిరిగొస్తుంది. ఎవరు ఎంత పంపారో ఆడవాళ్లు కచ్చితంగా గుర్తుపెట్టుకునేవారట. తక్కువ పంపితే మాట పడాల్సిందే.

ఫ్రిజ్ లేని కాలంలో పొరుగువాడి పొట్టే ఫ్రిజ్. మీ ఇంట్లో పాడయ్యే మాంసాన్ని అక్కడ దాచుకుంటారు, నెల తర్వాత తాజాగా తిరిగి తీసుకుంటారు. డేటా అయితే బ్యాకప్ అంటాం. ఇది దానగుణమని కవిత్వం అల్లక్కర్లేదు, లెక్క. కాకపోతే ఆ లెక్క పనిచెయ్యాలంటే ముందు ఒకటి తేలాలి. పళ్లెం ఎవరెవరింటికి వెళ్తుంది? పొరుగు అంటే ఎవరు?

పేరు గురించి కూడా ఓ మాట. కాయెట్ అంటే "చిన్న కౌజుపిట్ట" అని చెప్తారు, గుండ్రంగా బొద్దుగా ఉంటుందని. ప్రొవాన్స్‌లో చుట్టిన గొడ్డుమాంసాన్ని "తలలేని భరతపక్షి" అనడం కూడా ఉంది. పిట్ట దొరకనివాడు ఉన్నదానికే పిట్ట పేరు పెట్టుకున్నాడని నాకనిపిస్తుంది. మన శాకాహార భోజనాల్లో "మీల్‌మేకర్ చికెన్" ఉంది కదా, అలాగన్నమాట.

ఉప్పు తొట్టి, ఆవకాయ జాడీ

ఈ పనంతా ఎవరు చేసేవారు? కోసేది మగాడు. ఊరూరా తిరిగే కసాయి వచ్చి, గంటలో పని కానిచ్చి, సారా తాగి, పొగడ్తలు అందుకుని వెళ్లిపోతాడు. గడ్డకట్టే నీళ్లలో పేగులు కడగడం, నెత్తురు కలపడం, కార్జం తరగడం, ఉండలు చుట్టడం, ఇవన్నీ ఆడవాళ్ల పని. రెండు మూడు రోజులు.

ఇవోన్ వెర్దియే అనే పరిశోధకురాలు బుర్గుండీలోని మినో అనే పల్లెలో ఆడవాళ్ల పనుల మీద 1979లో ఒక పుస్తకం వేసింది. అందులో ఒక విషయం చదివి నేను ఉలిక్కిపడ్డాను. నెలసరిలో ఉన్న స్త్రీ మాంసం ఊరే ఉప్పు తొట్టి దగ్గరికి వెళ్లకూడదు, వెళ్తే మాంసం పాడవుతుంది అని ఆ ఊరి నమ్మకం. మా అమ్మమ్మ ఇంట్లో ఆవకాయ జాడీ ఉన్న గది గుమ్మం మీద ఇదే చట్టం. ఒక్క అక్షరం తేడా లేదు. అక్కడ పంది, ఇక్కడ మామిడికాయ. రెండు చోట్లా ఉప్పు, రెండు చోట్లా ఏడాది తిండి ఒకే పాత్రలో ఉందన్న భయం, రెండు చోట్లా ఆ భయం చివరికి ఆడవాళ్ల నెత్తిన పడింది. "పాశ్చాత్యులు శాస్త్రీయంగా ఆలోచిస్తారు" అని ఒకరు, "మన ఆచారాల వెనక సైన్సుంది" అని ఇంకొకరు కొట్టుకుంటూ ఉంటారు. ఇద్దరినీ ఒకసారి మినో పంపాలి.

గడువు పోయాక

1810లో నికొలా అపేర్ సీసాల్లో తిండిని వేడిచేసి మూసి నిలవ ఉంచే పద్ధతిని పుస్తకంగా వేసి, ప్రభుత్వం దగ్గర 12,000 ఫ్రాంకులు బహుమతి అందుకున్నాడు. 1876లో షార్ల్ తెలియే చల్లని గదులున్న "ఫ్రిగొరిఫీక్" ఓడలో మాంసాన్ని అట్లాంటిక్ దాటించాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్లలోకి ఫ్రిజ్‌లు, పల్లెల్లోకి ఫ్రీజర్లు వచ్చాయి. కార్జానికి గడువు పోయింది. గడువుతోపాటే పళ్లెం మీద గుడ్డ కప్పి పంపాల్సిన అవసరం కూడా పోయింది. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ పెంచుకున్న పందిని ఇంటి దగ్గర కోసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ అది ఇంటివాళ్ల వాడకానికే, అమ్మకూడదు. చేసేవాళ్లు తగ్గిపోయారు. కాయెట్ షార్క్యుటియే దుకాణంలో ఏడాది పొడుగునా దొరుకుతుంది. అవసరం నుంచి పుట్టింది వారసత్వం అయింది. 2010లో యునెస్కో "ఫ్రెంచివాళ్ల భోజనం" అన్నదాన్ని వారసత్వ జాబితాలో కూడా చేర్చింది.

చరిత్ర చదివి ఊరుకోబుద్ధి కాక నేనూ ఇంట్లో చేశాను. లెక్క ఇదీ: కొవ్వున్న పంది మాంసం 500 గ్రాములు, కార్జం 250 గ్రాములు, చార్డ్ ఆకులు ఒక కిలో (చార్డ్ దొరక్కపోతే పాలకూర). ఆకుల్ని వేడినీళ్లలో రెండు నిమిషాలు వేసి, చల్లార్చి, గట్టిగా పిండాలి. గట్టిగా అంటే నిజంగా గట్టిగా. మొదటిసారి నేను బద్ధకించాను, ఉండలు పులుసులో ఈదాయి. పిండాక కిలో కాస్తా నాలుగు వందల గ్రాములకి దిగుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, పార్స్‌లీ, మిరియాలు, మొత్తం కిలోకి 16 నుంచి 18 గ్రాముల ఉప్పు. మాంసం మెత్తగా రుబ్బకూడదు, ముతకగా ఉండాలి. 150 గ్రాముల ఉండలు చేస్తే ఏడెనిమిది వస్తాయి. కొవ్వు వలని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, విప్పి, ఒక్కో ఉండకి చుట్టాలి. చిరిగితే కంగారు పడకండి, రెండో పొర వెయ్యండి. గిన్నెలో ఒకదాన్నొకటి ఆనించి పెట్టి 180 డిగ్రీల ఓవెన్లో సుమారు గంట. వేడిగా బావుంటాయి, మర్నాడు చల్లగా ఇంకా బావుంటాయి.

ఒక హెచ్చరిక. కార్జం లోపల ఎర్రగా ఉంటే బావుంటుందనే వాదన ఇక్కడ పనికిరాదు. పంది కార్జంలో హెపటైటిస్ ఈ వైరస్ ఉండొచ్చు. కోర్సికాలో పచ్చిగా తినే ఫిగతెల్లు అనే కార్జం సాసేజ్ వల్ల జనానికి అది సోకిన సంగతి 2010లో బయటపడింది. ఉండ మధ్యలో 71 డిగ్రీలు చేరి, ఆ వేడి 20 నిమిషాలు ఉండాలి. ఓ థర్మామీటర్ కొనుక్కోండి. (ఫిగతెల్లు పేరులో కూడా అంజూరమే ఉంది, గమనించారా?)

పళ్లెం ఎవరింటికి

ఇక చివరి సంగతి. 2006 ప్రాంతంలో పారిస్‌లో ఒక తీవ్ర మితవాద బృందం ఇల్లులేనివాళ్లకి చలికాలంలో ఉచితంగా సూప్ పంచింది. అందులో కావాలని పంది మాంసం వేసింది. ముస్లింలు, యూదులు వరసలో నిలబడకుండా ఉండాలని. ఇది మా సాంప్రదాయం, మా వంట, తింటే తినండి లేకపోతే లేదు అని వాదన. పోలీసులు నిషేధించారు, కింది కోర్టు నిషేధాన్ని ఆపింది, 2007 జనవరి 5న దేశంలోని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నిషేధం సరైనదేనని తేల్చింది.

ఇది చదివినప్పుడు నాకు గుడ్డ కప్పిన ఆ పళ్లెం గుర్తొచ్చింది. తమ దగ్గర ఎక్కువై, పాడయ్యేలోపు పక్కవాడికి చేరాలని పుట్టిన తిండి అది. దాన్నే పక్కవాడు రాకుండా కంచెగా పాతారు. పదార్థాలు అవే. మారిందల్లా పొరుగు అంటే ఎవరన్న లెక్క.

వాళ్లని తిట్టడం సులువు. కానీ నేను ఆ ముసలావిడకి చెప్పిన మాట సంగతేంటి? "మా ఊళ్లో పంది తినరు." మా ఊరి చివర చెరువుగట్టు పక్కన ఎరుకలవాళ్ల ఇళ్లుండేవి. వాళ్ల పందుల్ని బడికి వెళ్తూ రోజూ చూసేవాణ్ణి. పండగలకి కోసేవాళ్లు, పొగ మా పెరట్లోకి వచ్చేది, మా వాళ్లు తలుపులు వేసేవాళ్లు. మా ఇంట్లో మేకని కోస్తే మొదట కార్జం వేపుడు చేసి, ఓ గిన్నె బాబాయివాళ్లకి, ఓ గిన్నె పక్కింటికి పంపేవాళ్లు. ఆ గిన్నె ఎప్పుడూ చెరువుగట్టు దాకా వెళ్లలేదు. అటు నుంచి ఏ గిన్నే ఇటు రాలేదు. "మా ఊరు" అని నేను నోరు తెరిచినప్పుడు అందులో ఆ ఇళ్లు లేవు. అబద్ధం ఆడాలని కూడా అనుకోలేదు, అలవాటుగా వచ్చేసింది. అదే అసలు భయపెట్టే విషయం.

ఆవిడ ప్రశ్నకి సరైన జవాబు ఇది. "మా ఊళ్లో పందిని కోసిన రోజు కార్జం వాళ్లే తినేవాళ్లండీ. మాకు పంపేవాళ్లు కాదు. పంపినా మేం పుచ్చుకోమని వాళ్లకి తెలుసు."